పరదైసు: గోడ, నీరు, ద్వారము – గోల్కొండ తోటల వెలుగులో ఒక వాక్య పరిశీలన

ఉపోద్ఘాతము

మన సంఘములలో భూస్థాపన కూడికలు జరిగినప్పుడెల్లా వినబడే మాట 'పరదైసు'. మన్ను వేసి అందరూ వెళ్లిపోయిన తరువాత కుటుంబీకులు కాపరిని అడిగే ప్రశ్న కూడ దాదాపు ఒకటే: "అయ్యగారూ, మా నాయన ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టు? పరదైసు, పరలోకము ఒకటేనా, వేరా?" అచ్చంపేట ప్రాంతములో సేవ చేయుచున్న మేము ఈ ప్రశ్నను అనేక పర్యాయములు విన్నాము. అడిగేవారు వాదము కొరకు అడుగరు, ఆదరణ కొరకు అడుగుతారు. కనుక జవాబు స్పష్టముగా ఉండవలెను.

ఇక్కడ మన భాష వలన కలిగే ఒక చిక్కు ఉన్నది. 'పరదైసు' అనగానే తెలుగు చెవికి 'పరలోకము', 'పరము' అనే మాటలు తోచును. 'పర' అనగా వేరైనది, అవతలిది గనుక పరదైసు కూడ మేఘముల అవతలి చోటు అని విశ్వాసులు తలంచుదురు. నిజమునకు ఈ మాటలో 'పర' లేదు, 'పరి' ఉన్నది. ఈ చిన్న భేదమును పట్టుకొని ఆ పదము పుట్టిన పారసీక తోటను, ఆ తోటల సంప్రదాయము మన తెలుగు నేలకు వచ్చిన విధమును చూచి, లూకా 23:43 ను మరల చదువుటయే ఈ వ్యాస ఉద్దేశము.

1. పద చరిత్ర

ప్రాచీన ఇరాను భాషలో 'పైరి' అనగా చుట్టూ, 'దయిజ' అనగా పోసి కట్టిన గోడ. 'పైరి' మన 'పరిధి', 'పరిసరము' అనే మాటలలోని 'పరి'కి తోబుట్టువు. రెండు కలిసి 'చుట్టూ గోడ గలది' అని అర్థము. అట్లు గోడ కట్టబడినది రాజు తోట.

ఈ మాట హెబ్రీలోనికి 'పర్దేసు'గా వచ్చి పాత నిబంధనలో మూడే చోట్ల కనబడుచున్నది. నెహెమ్యా 2:8 లో అది ఆసాపు కాయుచున్న రాజుగారి అడవి. ప్రసంగి 2:5 లో శృంగారవనము. పరమగీతము 4:13 లో దానిమ్మల వనము. మూల పదము ఒకటే అయినను మన తెలుగు బైబిలు మూడు చోట్ల మూడు మాటలు వాడినందున ఈ సంబంధము పాఠకునికి కనబడదు.

గ్రీకులోనికి ఈ మాటను తెచ్చిన తొలి రచయితలలో క్రీ.పూ. 4వ శతాబ్దపు క్సెనోఫోను ముఖ్యుడు. పారసీక రాకుమారుడైన చిన్న కోరెషు సార్దీసులోని తన తోటను స్పార్టా సేనాపతి లైసాండ్రుకు చూపి, దానిని తానే కొలిచి ఏర్పరచితినని, కొన్ని చెట్లను తన చేతులతోనే నాటితినని చెప్పినట్లు ఆయన వ్రాసెను. రాజు తోటమాలియై ఉండుట వారికి అవమానము కాదు, ఘనత. తరువాత పాత నిబంధనను గ్రీకులోనికి మార్చిన సెప్టువజింటు అనువాదకులు ఆదికాండము 2:8 లోని ఏదెను 'తోట'కు ఈ మాటనే వాడిరి. కావున క్రొత్త నిబంధన కాలమున గ్రీకు చదివిన యూదునికి 'పరదైసు' అనగా మొదట తోచునది ఏదెను తోటయే.

2. పారసీక తోట స్వరూపము

ఇరాను పీఠభూమి వానలు తక్కువైన మెట్ట ప్రాంతము. అక్కడ తోట దానంతట అది మొలువదు. కొండ పాదమున తల్లిబావి త్రవ్వి, అక్కడి నుండి కొద్దిపాటి వాలుతో భూమి లోపల సొరంగము తీసి, మైళ్ల దూరము నీటిని పారించెడివారు. దీనిని 'కనాతు' అందురు. ఆ నీరు తోటలో రాతి కాలువల గుండా పారును. గోడ వేడిగాలిని, పశువులను ఆపును, చెట్లు నీడనిచ్చును. కోరెషు రాజధానియైన పసర్గదేలో క్రీ.పూ. 6వ శతాబ్దపు తోట రాతి కాలువలు నేటికిని కనబడుచున్నవి. ఆ తోటతో కలిపి ఇరానులోని 9 తోటలను యునెస్కో 2011లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. ఎజ్రా 1వ అధ్యాయములో యూదులను స్వదేశమునకు పంపిన కోరెషు ఇతడే. ఇతని సమాధి కూడ తోట నడుమనే ఉండెనని గ్రీకు చరిత్రకారుడు అర్రియను వ్రాసెను.

తోటను నాలుగు భాగములుగా విభజించుటను 'చార్ బాగ్' అందురు. దీనిని చూచి ఏదెను నాలుగు నదులను జ్ఞాపకము చేసికొనుట సహజమే గాని, ఒకటి రెండవదాని నుండి పుట్టినదని చెప్పుటకు తొందరపడరాదు. ఆదికాండము 2:10 లో ఒకే నది తోటను తడిపి, అక్కడి నుండి నాలుగు శాఖలగును. చార్ బాగ్‌లో కాలువలు నడుమ కలియును. ప్రసంగములో ఈ తేడాను విడిచిపెట్టరాదు.

3. హమదాను నుండి గోల్కొండకు

ఎజ్రా 6:2 లో కోరెషు ఆజ్ఞాపత్రము దొరికిన ఎక్బతానా పట్టణమే నేటి ఇరానులోని హమదాను. గోల్కొండ కుతుబ్‌షాహీ వంశ స్థాపకుడైన సుల్తాన్ కులీ ఆ హమదాను నుండి దక్కనుకు వచ్చి, బీదరులోని బహమనీ సుల్తానుల కొలువులో చేరి, 16వ శతాబ్ద ఆరంభమున గోల్కొండలో స్వతంత్ర రాజ్యము స్థాపించెను. వారితో పారసీకుల తోట విద్య, నీటి విద్య కూడ మన నేలకు వచ్చినవి. 1591లో నిర్మింపబడిన హైదరాబాదు నగర రచనలో ఇరానీయుడైన మీర్ మొమిన్ అస్త్రాబాదీకి ముఖ్య పాత్ర కలదు. ఆ వంశపు ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను పోషించి 'మల్కిభరాము'డని పిలువబడెను. అద్దంకి గంగాధరుడు తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చెను.

ఇబ్రహీంబాగులోని కుతుబ్‌షాహీ సమాధుల తోట గోల్కొండ కోటకు ఉత్తరమున నూరెకరములకు పైగా విస్తరించి ఉన్నది. 2013లో ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వము కలిసి ఆరంభించిన పునరుద్ధరణ 2024లో ముగిసినది. ఆ తరువాత మేము, మా ప్రాంత కాపరులు కొందరు, అక్కడికి వెళ్లి ఒక పగలంతయు గడిపితిమి. ఎత్తైన అరుగుల మీద గుమ్మటములు, వాటి నడుమ పచ్చిక, చెట్లు. శవములకు స్నానము చేయించిన హమామును చూచితిమి. అన్నిటికంటె మమ్మును ఎక్కువ సేపు నిలిపినవి దిగుడు బావులు. 2013 వర్షములకు పెద్ద బావోలీ గోడ కూలిపోగా, దానిని మరల కట్టిరి. 'గోల్కొండ మెట్లబావులు' అను ఈ పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. కోటలోనికైతే దుర్గం చెరువు నీటిని మట్టి గొట్టముల ద్వారా తెచ్చి, మెట్టు మెట్టుగా పైకి ఎక్కించెడివారు. మోట కొట్టిన పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు, ఒక బానెడు నీరు పైకి రావలెనన్న ఎంత కష్టమో వారికి తెలియును.

పచ్చికలో పని చేయుచున్న ఒక తల్లి మా మాటతీరు విని, "మీదే ఊరన్నా?" అని అడిగినది. ఆమెది కల్వకుర్తి దిక్కు. "పొద్దుగాల నీళ్లు వెట్టకుంటే మాపటికల్ల ఈ గడ్డి వాడిపోతది" అన్నది. దేశమంతట చెరువులు, కాలువలు, ఆనకట్టలు కట్టిన 'పాలమూరు కూలీ' పేరు మనము ఎరిగినదే. ఇతరుల తోటలకు నీరు తెచ్చి, తన చేను ఎండిపోగా చూచిన ప్రజలు వీరు. మన సంఘములలో కూర్చుండువారిలో అనేకులు వీరే.

ఆ తోటలో ఇంకొక విషయము గమనార్హము. ఆ వంశపు రాజులందరి సమాధులు అక్కడ ఉన్నవి గాని, చివరి రాజు అబుల్ హసన్ తానాషా సమాధి లేదు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైన తరువాత అతడు దౌలతాబాదు చెరలో మరణించి ఖుల్దాబాదులో పాతిపెట్టబడెను. తరతరముల తోటకు వారసుడు ఆ తోట వెలుపలనే ఉండిపోయెను.

4. సిలువ మీద ఇచ్చిన మాట

ఇప్పుడు లూకా 23:43 ను చదువుదము. హెబ్రీ 13:12 ప్రకారము యేసు గవిని వెలుపల శ్రమపడెను. ఆయన ప్రక్కన ఉన్నవాడు శిక్ష పొందిన నేరస్థుడు. అనగా ఇద్దరును గోడ వెలుపలనే ఉన్నారు. అట్టి చోట, అట్టివానికి, ప్రభువు వాగ్దానము చేసినది రాజు తోటలో చోటు, అదియు తనతో కూడ, ఆ దినముననే. గోడ గల తోటకు ద్వారము ముఖ్యము, ద్వారము తెరచు అధికారము రాజుదే. ఆదికాండము 3:24 లో మూయబడిన ఏదెను మార్గమును తెరచువాడు ఇక్కడ మాటలాడుచున్నాడు.

ఊరి వెలుపలి వాడలలో పుట్టి, బావి దగ్గర దూరముగా నిలువబెట్టబడిన తరముల సంతానమునకు ఈ మాట బోధించునప్పుడు, 'గోడ గల తోట' అను అర్థము చెప్పకపోతే సువార్తలోని బలము సగము పోవును. మేఘముల అవతలి చోటని చెప్పితే వినువారు తల ఊపుదురు. ఎవరినీ రానియ్యని రాజు తోటలోనికి రాజే చెయ్యి పట్టి తీసికొనిపోవునని చెప్పితే, వారికి తమ జీవితమే అర్థమగును.

యోహాను 19:41 లో ప్రభువు సమాధి కూడ తోటలోనిదే. మగ్దలేనే మరియ ఆయనను తోటమాలి అనుకొనెను (యోహాను 20:15). రాజులు తోట నడుమ సమాధులు కట్టించుకొనిరి, ఆ సమాధులు నిండియున్నవి. ఈ రాజు తోటలోని సమాధి ఖాళీగా ఉన్నది. ఆయన తోటమాలివలె కనబడుట తప్పు గుర్తింపే అయినను, ఆదాము విడిచిన పని (ఆది. 2:15) ఎవరి చేతికి వచ్చెనో అది సూచించుచున్నది.

5. కాపరులకు సూచనలు

మొదటిది, కుటుంబీకుల ప్రశ్నకు జవాబు. పౌలు పరదైసును మూడవ ఆకాశముతో కలిపి చెప్పెను (2 కొరింథీ. 12:2-4). కనుక ప్రభువునందు నిద్రించినవారు ఆయనతో ఉన్నారని ధైర్యముగా చెప్పవచ్చును. అయితే అదే ముగింపు కాదు. దేహము యొక్క విమోచనము కొరకు మనము ఇంకను కనిపెట్టుచున్నాము (రోమా 8:23). పరదైసును పునరుత్థానమునకు బదులుగా బోధించరాదు.

రెండవది, పొరుగువారితో మాటలాడునప్పుడు మర్యాద. అరబ్బీలోని 'ఫిర్దౌస్' ఈ పదము నుండి వచ్చినదే, 'జన్నత్' అనగా కూడ తోటయే. ఆ సమాధుల యొద్ద ప్రార్థించువారు ఉన్నారు. అక్కడికి విద్యార్థులను తీసికొనిపోవువారు నెమ్మదిగా, గౌరవముగా మెలగవలెను.

మూడవది, నేల మీది పని. ఏదెను తోటను సాగు చేయుటకును కాపాడుటకును దేవుడు నరుని నియమించెను. బోర్లు ఎండిపోవుచున్న మన మెట్టలో, నల్లమల అడవి అంచున, పూడిన బావిని శుభ్రపరచుట, మందిర ఆవరణలో వాన నీరు ఇంకునట్లు చేయుట, సమాధుల తోటలో చెట్లు నాటి కాపాడుట ప్రసంగమునకు దూరమైన పనులు కావు.

ముగింపు

ప్రకటన గ్రంథములో ఈ మూడును మరల కలియుచున్నవి. జయించువానికి దేవుని పరదైసులోని జీవవృక్షఫలములు వాగ్దానము చేయబడినవి (2:7). ఆ పట్టణమునకు ఎత్తైన గోడ కలదు (21:12). సింహాసనము నుండి జీవజలముల నది పారుచున్నది (22:1). అయితే దాని గుమ్మములు మూయబడవు (21:25). రాజుల తోటలన్నిటికిని గోడ ఉన్నది, నీరు ఉన్నది. ఎన్నడును మూయబడని గుమ్మములు దేవుని పట్టణమునకే ఉన్నవి. భూస్థాపన దినమున మనము చెప్పవలసిన ఆదరణ ఇదియే.