పెరటి అరటి: పిలకను ఎన్నుకొని నాటు విధము

కొల్లూరు మొదలుకొని రేపల్లె వరకు గల మన సీమలో అరటిచెట్టు లేని పెరడు అరుదు. పెండ్లివారి గుమ్మమునకు కట్టునది అదియే. విస్తరియై మన ముందు పఱచుకొనునది అదియే. పండ్లు రాలిన ముసలివారికిని, పండ్లు రాని చంటిబిడ్డలకును మెత్తని ఆహారమగునది అదియే. కృష్ణానది నడుమ నున్న పెసర్లంక, పోతార్లంక, చిలుమూరులంక మొదలగు గ్రామములవారికి అరటియు, పసుపును, కందయు జీవనాధారములై యున్నవి. ఇట్లుండియు, పెరటిలో అరటి నాటువారిలో అనేకులు పొరుగింటివారు పెల్లగించి యిచ్చిన పిలకను పరీక్షింపకయే తెచ్చి, గోతిలో పాతి, రెండు కడవల నీరు పోసి ఊరకుందురు. అటుపిమ్మట ఒక యింట ఏడాది తిరుగులోపల గెల వేయును. ఇంకొక యింట రెండేండ్లైనను ఆకులు తప్ప మఱేమియు కానరావు. వేఱొక యింట చెట్టు పచ్చబడి నిలువున వాడిపోవును. దీనికి హస్తవాసి కారణమని పెద్దలు చెప్పుదురు. నాటిన చేతికంటె నాటబడిన పిలకయే ఇందుకు ఎక్కువ కారణమని ఈ వ్యాసమున చూపదలచితిని.

ముందుగా అరటి యెట్టి మొక్కయో తెలిసికొనవలెను. మనము చెట్టు మ్రానని అనుకొను బొంద నిజముగా మ్రాను కాదు. ఆకుల తొడిమల క్రింది భాగములు ఒకదానిపై నొకటి చుట్టుకొని ఏర్పడిన దొప్పలకట్ట యది. విద్యార్థులు గెల కోసిన బొంద నొకదానిని తెచ్చి పొరపొరగా ఒలిచినచో ఈ సంగతి కన్నులార చూడగలరు. నిజమైన కాండము భూమిలోపల నున్న దుంప. ఆ దుంప నడిమి నుండి పూమోసు బయలుదేఱి, బొంద మధ్యగా పైకి వచ్చి, గెలయై వ్రేలును. మనము కూర వండుకొను దవ్వ ఆ పూమోసు కాడయే. ఒక్క గెల వేయుటతో ఆ బొంద పని ముగియును. అయితే దుంప ప్రక్కనున్న కన్నులు మొలకెత్తి పిలకలగును. మనము తిను అరటిపండ్లలో మొలకెత్తు విత్తనములు లేవు. పండు నడుమ కనబడు నల్లని చుక్కలు విత్తనములు కాదలచి కాలేకపోయిన వాని గుర్తులు. కనుక అరటి వంశము నిలుచుట పిలకల వలననే. పిలక తల్లి దేహములోని భాగమే కాబట్టి తల్లి గుణములన్నియు దానికి వచ్చును. తల్లి రోగములును వచ్చును. ఈ రెండవ మాటను మనవారు తఱచుగా మఱచెదరు.

తల్లి ప్రక్కన లేచు పిలకలు రెండు విధములు. ఒకటి, అడుగున లావుగా నుండి పైకి పోను పోను సన్నగిల్లి, కత్తివలె సన్నని ఆకులు కలది. దీనిని సూదిమొన పిలక యందురు. రెండవది, చిన్ననాడే వెడల్పైన ఆకులు విప్పుకొని చూచుటకు ముచ్చటగా నుండు నీటిపిలక. తెలియనివారు రెండవదానినే కోరి తీసికొందురు, ఏలననగా అది పెద్దచెట్టును పోలి యుండును. కారణము విచారించినచో సంగతి తలక్రిందులుగా నున్నది. సూదిమొన పిలక తల్లిదుంపకు లోతుగా గట్టిగా అంటుకొని యుండి తల్లి యిచ్చు ఆహారముతో పెరుగును. తనకు తాను వండుకొను అవసరము లేదు గనుక ఆకు విప్పదు. వచ్చిన ఆహారమును దుంపలో దాచుకొనును. నీటిపిలకకు తల్లితో సంబంధము బలహీనము. పోషణ చాలక, బ్రదుకుటకై తొందరపడి వెడల్పాకులు విప్పును. దాని దుంప చిన్నది, దాని గెలయు చిన్నది. కావున రెండు మూడు నెలల వయసు కలిగి, ఒకటిన్నర మొదలు రెండు కిలోల దుంప గల సూదిమొన పిలకనే ఎన్నుకొనవలెను.

వేళ్లకు మన్ను లేకుండ పెల్లగించిన మొక్క ఎట్లు బ్రదుకునని పిల్లలు అడుగుదురు. మంచి ప్రశ్నయే. దుంపలో ఆహారపు నిలువ యుండుటచేత అది కొన్ని దినములు మంటికి దూరముగా నున్నను చావదు. నాటిన పిదప పాతవేళ్లు కుళ్లి, దుంపనుండి క్రొత్తవేళ్లు పుట్టును. అందుచేతనే నాటుటకు ముందు పాతవేళ్లను కోసివేసినను నష్టము లేదు. చలిదేశములవారు స్ట్రాబెర్రీ మొక్కలను ఇట్లే మన్ను దులిపి వట్టి వేళ్లతో దూరదేశములకు పంపుదురు. ఆ మొక్కయు తల్లి సాచిన తీగెకు పుట్టిన పిల్లయే. మన రాష్ట్రమున అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి కొండలమీద శీతకాలమున దానిని పండించుచున్నారు. కృష్ణ డెల్టా వేసవికి అది తాళదు. మనకు అరటియే తగినది.

ఇక పెల్లగించు విధము. తల్లిచెట్టు ఆరోగ్యముగా నున్నదో లేదో మొదట చుట్టును తిరిగి చూడవలెను. పిదప పిలకకు తల్లికి నడుమ గడ్డపార దింపి, దుంప చీలకుండ వేఱు చేయవలెను. పిలక తలను దుంపపైన జానెడు మాత్రముంచి నఱికివేయవలెను. వేళ్లను కోసి, దుంపపై నున్న నల్లని తోలును కత్తితో పలుచగా చెక్కి, లోపలి కండను చూడవలెను. ఇదియే పరీక్షలో ముఖ్యభాగము. కండ తెల్లగా నిగనిగలాడుచుండిన పిలక మంచిది. నల్లని సొరంగములు కనబడిన దుంపతొలుచు ముక్కుపురుగు చేరినదన్నమాట. సొరంగము పైపైనే యుండిన చెక్కివేయవచ్చును, లోతుగా నుండిన ఆ పిలకను పాఱవేయవలెను. ఎఱ్ఱని గోధుమరంగు చుక్కలో దారములో కనబడినచో మాత్రము ఒక్క నిమిషమైనను ఆలోచింపక ఆ పిలకను కాల్చివేసి, కత్తిని బాగుగా కడిగి నిప్పుమీద కాచవలెను. అది పనామా తెగులు.

ఈ తెగులును గూర్చి కొంత విస్తరించి చెప్పుట అవసరము. భూమిలోనుండు ఒక బూజు వేళ్లద్వారా ప్రవేశించి, నీరు పైకెక్కు నాళములను మూసివేయును. క్రింది ఆకులు అంచులనుండి పసుపుపచ్చనై, కాడవద్ద విఱిగి, బొంద చుట్టును పావడవలె వ్రేలాడును. బొంద మొదట నిలువుగా పగులును. పాదులో నీరుండగానే చెట్టు దాహముచే చచ్చుచున్నదన్నమాట. దీనిని 1876 లో ఆస్ట్రేలియాలో మొదట వర్ణించిరి. పిదప మధ్య అమెరికాలోని పనామా తోటలను పాడుచేయుటచే ఆ పేరు వచ్చినది. అక్కడివారు ఎగుమతికై గ్రోమిషెల్ అను ఒక్క రకమునే లక్షల యెకరములలో నాటిరి. అన్నియు ఒకే తల్లి దేహపు ముక్కలు గనుక ఒకదానిని చంపిన తెగులు అన్నింటిని చంపగలిగెను. 1960 ప్రాంతమునకు ఆ రకము ఎగుమతి వర్తకమునుండి తొలగిపోగా, దాని స్థానమున కావెండిష్ జాతి వచ్చెను. నేడు మన బజారులలో కనబడు గ్రాండ్ నైన్ ఆ జాతిదే. ఇప్పుడు కావెండిష్‌ను సైతము చంపు క్రొత్తరూపమున ఈ బూజు తైవానులో బయలుపడి, ఆసియా దేశములలో వ్యాపించి, 2019 లో కొలంబియాకు చేరినది. మన దేశమున బీహారు, ఉత్తరప్రదేశములలో అది కనబడినది. దీనికి మందు లేదు. ఒకసారి మంటిలో చేరిన బూజు చెట్టు లేకపోయినను పదుల సంవత్సరములు నిలిచియుండును. అనగా, పరీక్షింపక తెచ్చిన ఒక్క పిలక వలన ఆ పెరటిలో మనుమల కాలమునకు గూడ అమృతపాణి పండకపోవచ్చును.

వెఱ్ఱితల తెగులను మఱియొకటి కలదు. ఆకులు పొట్టివై, నిటారుగా, చీపురుకట్టవలె గుంపు కట్టును, గెల వేయదు. పేనుబంక పురుగు దీనిని ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు మోయును. సింహళమునుండి 1940 ప్రాంతమున కేరళకు వచ్చి దక్షిణదేశమున వ్యాపించినది. ఇట్టి చెట్టు పిలకలన్నియు రోగగ్రస్తములే. దుంపతో సహా త్రవ్వి నాశనము చేయుట తప్ప వేఱు మార్గము లేదు.

రకముల విషయమున నా అభిప్రాయము చెప్పెదను. రుచికి అమృతపాణిని మించినది లేదని నేనును ఒప్పుకొందును. కాని పాత పనామా తెగులునకు అది సులభముగా లొంగును. కూరకు పనికివచ్చు బొంతయు లొంగునదే. కర్పూర చక్కెరకేళి ఆ తెగులును తట్టుకొనును. కొంచెము పులుపు కలిసిన తీపి గలది. పండిన పిదప కాయ గెలనుండి తొందరగా రాలదు. ఒక్క చెట్టుకే చోటున్న ఇంటివారు దీనినే నాటుట మేలు. ప్రయోగశాలలో కణజాలమునుండి పెంచిన మొక్కలు దొరకుచున్నవి. వానిలో ముక్కుపురుగు, బూజు ఉండవు. అయినను లేతవి గనుక మొదటి నెలలలో ఎక్కువ శ్రద్ధ కోరును. సందేహములున్నవారికి గోదావరి యొడ్డున కొవ్వూరులో నున్న ఉద్యాన పరిశోధనా స్థానమును, 1993 లో తిరుచిరాపల్లిలో స్థాపింపబడిన జాతీయ అరటి పరిశోధనా కేంద్రమును ప్రచురించు సూచనలు ఉపకరించును.

గొయ్యి అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, అంతే లోతు చాలును. పదిదినములు ఎండకు విడిచి, పైమన్నులో పదికిలోల మాగిన పశువుల ఎఱువును, పావుకిలో వేపపిండిని కలిపి నింపవలెను. రెండు చెట్ల నడుమ ఏడడుగుల యెడముండవలెను. దుంప పూర్తిగా మంటిలో మునిగి, దాని మెడపై రెండంగుళముల మన్నుండునట్లు నిలిపి, చుట్టును కాలితో గట్టిగా త్రొక్కవలెను. లోపల గాలిసందులున్నచో నీరు నిలిచి దుంప కుళ్లును. మెట్టనేలలలో తొలకరి వానలకు జూన్, జూలై నెలలు అనుకూలములు. లంకలలో వఱద భయము తీఱిన పిమ్మట అక్టోబరు, నవంబరు నెలలలో నాటుట మంచిది.

నాటిన పిదప చేయు పనులలో ముఖ్యమైనది పిలకలను కోయుట. మనవారు దీనిని పాపముగా నెంచి, పిలకలన్నిటిని ఉంచి, పెరటిలో ఒక చిన్న అడవిని పెంచుదురు. తల్లి ఆహారము పది నోళ్లకు పంచబడిన తరువాత గెలకు మిగులునది ఏమి? గెల వేయువరకు పిలకలను నెలకొకసారి మొదటికి కోయుచు, గెల వెలువడిన పిమ్మట బలమైన సూదిమొన పిలక నొక్కదానిని మాత్రము వారసునిగా నుంచవలెను. వంటయింటి బూడిద అరటికి మిక్కిలి ప్రీతి. కాయ నిండుటకు వలయు పొటాషు దానిలో కలదు. గాలికి ఆకులు చీలుట చూచి విచారింప పనిలేదు. చీలిన ఆకు గాలిని తనగుండ పోనిచ్చి చెట్టును పడకుండ కాపాడును. గెల వేసిన చెట్టుకు మాత్రము వెదురుగడ పోటు పెట్టవలెను. చివరి అత్తము విడిన తరువాత పువ్వును కోసి కూర వండుకొనవచ్చును, కాయలకును బలము.

వఱదను గూర్చి చెప్పకున్న కొల్లూరువారికి ఈ వ్యాసము అసంపూర్ణమగును. 2009 అక్టోబరులో ప్రకాశము బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చెను. 2024 సెప్టెంబరు 2 వ తేదీన 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చి, దానిని మించెను. రెండుసారులును లంకలలోని అరటితోటలు మునిగినవి. అరటివేళ్లకు గాలి కావలెను. నీరు మూడు నాలుగు దినములకంటె ఎక్కువ నిలిచినచో అవి ఊపిరాడక కుళ్లును. నీరు తీసిన వెంటనే కాలువ త్రవ్వి పాదును ఆరనిచ్చి, మన్ను గుల్లచేసినచో కొన్ని చెట్లు తేఱుకొనును. అయితే వఱదనీరు ఒక తోటలోని రోగపు మన్నును మఱియొక తోటకు మోసికొనివచ్చును. కనుక మునిగిన తోటలనుండి పిలకలు తీయవలసివచ్చినప్పుడు, రెండు మూడు నెలలు ఆగి, తల్లిచెట్టు క్రొత్త ఆకులు పచ్చగా వచ్చుచున్నవో లేదో చూచి మఱి తీయవలెను.

నాటిన ఏడెనిమిది నెలలకు గెల వెలువడును. అటుపిమ్మట మూడు నెలలకు కాయ కోణములు నిండి గుండ్రనగును. గెల కోసిన దినముననే బొందను మొదటికి నఱికివేయుట మనవారి అలవాటు. అట్లు చేయక, రెండు మూడడుగుల ఎత్తున కోసి విడిచినచో అందు మిగిలిన నీరును ఆహారమును దుంపద్వారా ప్రక్కనున్న వారసునికి చేరును. నెల, నెలన్నర గడచి బొంద ఎండిన పిమ్మట దానిని మొదటికి కోసి, ముక్కలుచేసి, ఆ పాదులోనే కప్పవచ్చును.