ఇసుకలో కుక్క కాళ్లెందుకు ఎత్తుతుంది?

నిజామాబాద్ జిల్లాకు సముద్రం లేదు. గోదావరి ఒడ్డే ఇక్కడి బీచ్. నవీపేట్ మండలం యంచ దగ్గర, మంజీర వచ్చి కలిసే కందకుర్తి దగ్గర ఎండాకాలంలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడతాయి. ఇంటిల్లిపాదీ నడకకు వస్తే కుక్కా వెంటపడుతుంది. పొడి ఇసుకపై నాలుగడుగులు వేసి, ఒక కాలెత్తి, ఇంకో కాలు మార్చి, చటుక్కున నీటి అంచుకు ఉరుకుతుంది. ఎందుకు?

ఒకే బరువున్న ఇసుకను, నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే నీటికి దాదాపు 5 రెట్లు ఎక్కువ వేడి కావాలి. అందుకే అదే ఎండకు ఇసుక త్వరగా కాలుతుంది. పైగా పొడి ఇసుక రేణువుల సందుల్లో గాలి ఉంటుంది; అది వేడిని కిందికి పోనివ్వదు. సెగంతా పై పొరలోనే నిలుస్తుంది. మడమతో జానెడు లోతు తవ్వి చూస్తే చల్లగా తగులుతుంది. తడి ఇసుకలోని నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే.

ఎండకు పాదాలే కాదు, ఒళ్లూ వేడెక్కుతుంది. మనిషికి ఒళ్లంతా చెమట. కుక్కకు అలాంటి చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల మెత్తల్లోనే ఉంటాయి. అవి ఏ మూలకూ చాలవు. అందుకే నాలుక చాచి వగరుస్తూ, నోటి తడిని ఆవిరి చేసి చల్లబడుతుంది. వగర్పు ఆగక, అడుగు తూలితే అది వడదెబ్బే. నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీళ్లు పోసి, పశువైద్యుడికి చూపాలి.

నడకకు ముందు చేతి వెనకవైపును ఇసుకపై 7 సెకన్లు ఆనిస్తే సంగతి తెలుస్తుంది. చెయ్యి ఓర్చుకోలేని వేడిని కుక్క పాదమూ ఓర్చుకోదు. సాయంత్రం ఐదింటికీ ఇసుక చురుక్కుమంటూనే ఉంటుంది. రాత్రంతా చల్లారాక, పొద్దు పొడిచే వేళ హాయిగా ఉంటుంది.