తాళం వేయాల్సింది మందుడబ్బాకి

నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో వరికీ పత్తికీ మిరపకీ కొట్టగా మిగిలిన పురుగుమందు ఇంటికే చేరడం మామూలు. అసలు ముప్పు ఆ మందు డబ్బా మారినప్పుడు మొదలవుతుంది. కూల్‌డ్రింక్ సీసాలోకి వంపిన మందుకు పేరుండదు, హెచ్చరికా ఉండదు. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. మన పత్తి రైతులు ఎరగని పేరేం కాదది.

పిల్లలకు చెప్పి పెంచితే చాలదా అంటారు. రెండేళ్లవాడు దేన్నయినా నోట్లో పెట్టుకునే చూస్తాడు. చెప్పింది గుర్తుంచుకునే వయసా అది? ఒకే గది ఇంట్లో ఎక్కడ దాచాలన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. తాళం పడే చిన్న రేకుపెట్టె చాలు, పిచికారీకి సరిపడా మందే కొంటే ఇంకా మేలు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అత్యంత విషం. ఆకుపచ్చదైనా విషం కాకపోదు. యాసిడ్, కిరోసిన్ కూడా పిల్లలకు అందకూడదు. పొరపాటున మింగితే ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి: యాసిడ్ గొంతును మళ్లీ కాలుస్తుంది, కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆ డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.