ఇంటి కుట్టుకు లెక్కలో చోటేదీ?

జాతీయ నమూనా సర్వే సిబ్బంది ఇంటింటికీ తిరిగి ఉపాధి వివరాలు సేకరించే పత్రంలో 93 అనే సంకేత సంఖ్య ఒకటి ఉంది. ఇంటి పనులు చూసుకుంటూనే వంటచెరకు, పశుగ్రాసం, ఆకుకూరలు వంటివి ఉచితంగా ఏరి తెచ్చుకునేవారిని, తమ ఇంటి వాడకం కోసం కుట్టుపని, నేతపని చేసుకునేవారిని ఈ సంఖ్య కింద నమోదు చేస్తారు. కేవలం ఇంటి పనులకే పరిమితమైనవారి సంఖ్య 92. ఈ రెండింటిలో దేని కింద నమోదైనా ఆ వ్యక్తిని శ్రామిక శక్తిలో భాగంగా పరిగణించరు. అలా నమోదయ్యేవారిలో అత్యధికులు స్త్రీలేనని వేరే చెప్పనక్కరలేదు.

దీని ఫలితం కొంత వింతగా ఉంటుంది. ఒక గృహిణి పొరుగింటావిడ జాకెట్టు కుట్టి కూలి పుచ్చుకోవడం అలవాటుగా పెట్టుకుంటే ఆమె స్వయం ఉపాధి పొందుతున్న వ్యక్తి. అదే మిషను మీద, అదే మధ్యాహ్నపు వేళల్లో, తన పిల్లలకు పరికిణీలు, చొక్కాలు కుడుతూ కూర్చుంటే ఆమె నిరుద్యోగి కూడా కాదు, శ్రామిక శక్తికి పూర్తిగా వెలుపలి మనిషి. పట్టిన దారం, పెట్టిన శ్రద్ధ రెండు చోట్లా ఒకటే. చేతులు మారిన సొమ్ము ఒక్కటే తేడా.

అంతర్జాతీయ నిబంధనలు ఇంత కఠినంగా లేకపోవడం గమనార్హం. ఐక్యరాజ్య సమితి ఆమోదించిన 2008 నాటి జాతీయ లెక్కల పద్ధతి వంట, ఇల్లు ఊడ్చడం, పిల్లల సంరక్షణ వంటి సేవలను ఉత్పత్తి పరిధికి బయట ఉంచింది గాని, సొంత వాడకానికి వస్తువులను తయారు చేసుకోవడాన్ని లోపలే ఉంచింది. గుడ్డ నేసుకోవడం, దుస్తులు కుట్టుకోవడం, పాదరక్షలు చేసుకోవడం ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నాయి. అంటే సూత్రరీత్యా అన్నం వండటం ఉత్పత్తి కాదు, పరికిణీ కుట్టడం ఉత్పత్తే. అయితే ఆ వస్తువు పరిమాణం దేశంలోని మొత్తం సరఫరాతో పోలిస్తే గణనీయంగా ఉంటేనే లెక్కించాలన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. మన ఉపాధి సర్వేలు సొంతానికి వడ్లు పండించుకోవడాన్ని ఉపాధిగా గుర్తిస్తాయి, ఆ వడ్లు దంచుకోవడాన్ని గుర్తించవు. కుట్టుపని దంపుడు పక్షాన చేరింది.

చీర చివరి మజిలీలు

లెక్కలు ఎలా ఉన్నా, ఈ ఉపఖండంలో ఇంటి కుట్టు మొదటినుంచీ పొదుపు శాస్త్రమే. నూలు చీర అంచులు చివికితే దానిలోని గట్టి భాగం ఆడపిల్ల పరికిణీ అయ్యేది, మిగిలింది దిండు గలేబు, ఆపైన పసిపిల్లవాడి పొత్తిగుడ్డ. ఏ పనికీ రానివన్నీ పొరలు పొరలుగా పరిచి చేతికుట్టు వేస్తే బొంత. తెలుగు పల్లెల్లో బొంత కుట్టడాన్ని ఎవరూ కళ అనలేదు. బెంగాల్‌లో అదే పనికి కాంథా అని పేరు. అక్కడ పాత చీరల రంగు అంచులనుంచి దారాలు లాగి, ఆ దారంతోనే పువ్వులు, చేపలు, పడవలు కుట్టేవారు. కొత్త దారం కొనవలసిన అవసరం కూడా లేని పని అది. బీహారులో అప్పుడే పుట్టిన బిడ్డను చుట్టడానికి పాత గుడ్డలతో కుట్టేది సుజనీ. సింధు ప్రాంతంలో రల్లీ. కర్ణాటకలో సిద్దీ స్త్రీలు చిన్న చిన్న గుడ్డముక్కలను అంచునుంచి లోపలికి పేర్చుకుంటూ కుట్టేది కవంది.

ఈ బొంతలలో కొన్ని కాలక్రమాన విపణి వీధికి చేరాయి. బంగ్లాదేశ్‌లో 1971 తరువాతి కాలంలో స్వచ్ఛంద సంస్థలు గ్రామీణ స్త్రీల ఆదాయం కోసం నక్షీ కాంథాను పునరుద్ధరించాయి. 1978లో మొదలైన ఆరాంగ్ దుకాణాలు దానిని ఢాకా నగర మధ్యతరగతి ఇళ్లకు చేర్చాయి. బీహారు సుజనీకి 2006లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంత జరిగినా మొదటి సూత్రం మారిపోయిందన్నది మాత్రం నిజం. పాత చీరకు బదులు కొత్త గుడ్డ కొని కుట్టవలసి వస్తున్నది, ఎందుకంటే కొనేవారికి పాతగుడ్డ పనికిరాదు. పాలిస్టర్ చీరలు వచ్చాక ఇంటి బొంతకు కూడా కష్టకాలం వచ్చింది. ఆ గుడ్డ చివకదు, మెత్తబడదు, చెమటను పీల్చుకోదు.

కుట్టులేని దుస్తుల దేశంలో కుట్టు మిషను

అమెరికాలో ఐజాక్ సింగర్ తన యంత్రానికి 1851లో పేటెంటు పొందగా, ఆయన కంపెనీ 1870లలో భారతదేశంలో అమ్మకాలు ప్రారంభించింది. చీర, ధోవతి, కండువా ధరించే ప్రజలకు కుట్టు మిషను అమ్మజూపడం పైకి సాహసంగానే కనిపిస్తుంది. కానీ జాకెట్టు, లోపలి లంగా, చొక్కా, లాల్చీ క్రమంగా వ్యాపించిన కొద్దీ మిషను గిరాకీ పెరిగింది. కంపెనీ అసలు బలం యంత్రంలో కంటే వాయిదాల పద్ధతిలో ఉంది. కొంత సొమ్ము ముందు కట్టి మిషను ఇంటికి తెచ్చుకుని, దాని మీద సంపాదించిన కూలితోనే నెలనెలా బాకీ తీర్చడం సాధ్యపడింది. పొరుగున శ్రీలంకలో 1877లో అడుగుపెట్టిన ఆ సంస్థ నేటికీ గృహోపకరణాల వ్యాపారంలో అక్కడ ఇంటింటి పేరు.

యంత్రాల వ్యామోహాన్ని విమర్శించిన గాంధీజీ ఈ ఒక్క యంత్రానికి మినహాయింపు ఇచ్చారు. 1924లో శాంతినికేతన్ విద్యార్థి రామచంద్రన్‌తో జరిపిన సంభాషణలో, భార్య చేతికుట్టుతో పడుతున్న శ్రమ చూడలేక సింగర్ ఈ యంత్రాన్ని కనిపెట్టాడని ఆయన మెచ్చుకున్నారు. మరి మిషన్లు తయారు చేయడానికి కర్మాగారం కావాలి కదా అన్న ప్రశ్నకు, అటువంటి కర్మాగారాలు ప్రభుత్వ ఆధీనంలో ఉండాలని బదులిచ్చారు. గాంధీజీ విన్న కథ అందంగా ఉంది గాని, సింగర్ జీవిత చరిత్ర వేరు. నటుడిగా ఊరూరా తిరిగిన ఆ మనిషికి పలువురు స్త్రీల ద్వారా 20 మందికి పైగా సంతానం. భార్య శ్రమ ఆయనను అంతగా కదిలించిన దాఖలాలు తక్కువ.

స్వదేశీ మిషను 1930లలో కలకత్తాలో రూపుదిద్దుకుంది. పారిశ్రామికవేత్త లాలా శ్రీరామ్ జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ద్వారా ఉత్పత్తి చేసిన దానికి తన కుమార్తె పేరు ఉషా అని పెట్టారు. తదనంతరం పంజాబులోని లూథియానా చిన్నతరహా మిషన్ల, విడిభాగాల తయారీకి కేంద్రమైంది. దేశవ్యాప్తంగా నల్లరంగు తల, ఇనుప తొక్కుడు చట్రం గల ఆ మిషను ఆడపిల్ల పెళ్లి సామానులో భాగమైంది. భర్త ఆదాయం తప్పిపోయిన రోజున అక్కరకు వచ్చే ఆస్తి అని తల్లిదండ్రులు భావించేవారు. బంగారం తరువాత స్త్రీ చేతికి నిజంగా దక్కే సొత్తు చాలా ఇళ్లలో అదే.

రెడీమేడ్ పోటీ

ఇంట్లో కుట్టుకుంటే చౌక అన్న నమ్మకం 1990ల తరువాత సడలింది. కర్మాగారంలో పదుల పొరల గుడ్డను ఒకేసారి విద్యుత్ కత్తెరతో కోస్తారు, వృథా అత్యల్పం. గుడ్డ టోకు ధరకు వస్తుంది. గృహిణి రెండు మీటర్లు చిల్లర ధరకు కొని, దారం, గుండీలు, లైనింగు వేరుగా తెచ్చుకోవాలి. చిన్నతరహా పరిశ్రమలకు మాత్రమే కేటాయించిన రెడీమేడ్ దుస్తుల తయారీని 2000 జాతీయ జౌళి విధానం ఆ కేటాయింపునుంచి తప్పించడంతో పెద్ద సంస్థలకు దారి ఏర్పడింది. 2005 జనవరి 1న అంతర్జాతీయ ఎగుమతి కోటాలు రద్దు కావడం ఆ ధోరణిని వేగిరపరిచింది. పిల్లల చొక్కాలు, గౌన్లు మొదట ఇంటి మిషను మీదనుంచి తొలగిపోయాయి.

ఒక్క జాకెట్టు మాత్రం లొంగలేదు. చీరకు రంగు కుదరాలి, భుజానికి, చంకకు అమరాలి. రెడీమేడ్ జాకెట్లు దుకాణాల్లో ఎన్ని వచ్చినా ఆది జాకెట్టు చేతపట్టుకుని వెళ్లే ఆనవాయితీ చెక్కుచెదరలేదు. ఫాలు కుట్టడం, పికో, లంగా కుచ్చిళ్లు, పొడుగు తగ్గింపు, వదులు బిగింపు వంటి చిల్లర పనులన్నీ వీధి చివరి ఇంటి వరండాలో మిషను పెట్టుకున్న స్త్రీకే వస్తున్నాయి. నిజానికి రెడీమేడ్ వ్యాపారం పెరిగిన కొద్దీ దిద్దుబాటు పని కూడా పెరిగింది. కొన్న దుస్తులు ఎవరికీ సరిగ్గా సరిపోవు గనుక.

సంచిలో వచ్చే పని

సొంత ఇంటి కుట్టుకు, కూలి కుట్టుకు నడుమ గీత ఎంత సన్ననిదో తెలిపే ఉదాహరణ మన పశ్చిమ గోదావరిలోనే ఉంది. నర్సాపురం ప్రాంతపు అల్లిక లేసుపై జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వెలువరించిన అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధం. విదేశాలకు ఎగుమతి అయ్యే సరుకును తయారు చేస్తున్న స్త్రీలను వ్యాపారులు, అధికారులు, చివరకు వారే తమను తాము గృహిణులుగా భావించడం, తీరిక వేళ కాలక్షేపంగా దానిని చెప్పుకోవడం కూలి రేట్లు అడుగంటడానికి ఎలా తోడ్పడిందో ఆమె వివరించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది, అల్లినవారి రేటును నిర్ణయించదు.

అహ్మదాబాదులో 1972లో ఇలా భట్ నెలకొల్పిన సేవా సంఘం తొలినాళ్లలో ఎదుర్కొన్న సమస్యలలో చిందీ కుట్టు ఒకటి. మిల్లులు పారేసే గుడ్డపీలికలను బొంతల గలేబులుగా కుట్టే స్త్రీలు రేటు పెంచమని కోరగా వ్యాపారులు పని ఇవ్వడం మానివేశారు. చివరకు మిల్లులనుంచి పీలికలు నేరుగా కొని సహకార పద్ధతిలో కుట్టుకోవలసి వచ్చింది. ముడిసరుకు ఎవరి చేతిలో ఉంటే రేటు వారి చేతిలో ఉంటుందన్న సంగతి అప్పుడు రుజువైంది. ఇంటినుంచి పని చేసేవారు మిషను, నూనె, సూదులు, దీపం ఖర్చు, కూర్చునే స్థలం అన్నీ తామే భరిస్తారు. కుట్టు తప్పితే నష్టం కూడా వారిదే.

ఈ వర్గం కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. అది 2000 సంవత్సరంలో అమల్లోకి వచ్చినా భారత్ ఇంతవరకు ధ్రువీకరించలేదు. పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రం మాత్రం 2018లో ఇంటినుంచి పని చేసేవారికోసం ప్రత్యేక చట్టం చేసింది.

మన ప్రభుత్వాల దృష్టి చట్టం కంటే మిషను పంపిణీ మీదే ఎక్కువ. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీపని ఒకటి. పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి రుణం అందులోని ముఖ్యాంశాలు. 2025 సెప్టెంబరు 22నుంచి కుట్టు మిషన్లపై వస్తు సేవల పన్ను 12 శాతంనుంచి 5 శాతానికి తగ్గింది. మిషను ఉచితంగా వచ్చినా పని ఉచితంగా రాదు. ఒకే వీధిలో ఇరవై మందికి మిషన్లు ఇస్తే జాకెట్టు కుట్టుకూలి ఏమవుతుందో ఊహించవచ్చు. ప్రభుత్వమే పని కూడా ఇచ్చిన సందర్భం ఉంది. 2020 కరోనా కాలంలో మనిషికి మూడు చొప్పున పంచడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తలపెట్టిన 16 కోట్ల మాస్కులు స్వయం సహాయక సంఘాల స్త్రీల మిషన్ల మీద తయారయ్యాయి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఇంటినుంచి పని చేసే కార్మికులకు నిర్వచనం ఉంది. యజమాని కోసం, ప్రతిఫలానికి, తన ఇంట్లోనో తాను ఎంచుకున్న మరో చోటనో వస్తువులు, సేవలు తయారు చేసే వ్యక్తి అని దాని సారాంశం. సామగ్రి ఎవరిదైనా అభ్యంతరం లేదు. చిక్కు యజమాని అన్న మాట దగ్గరే ఉంది. కత్తిరించిన గుడ్డల సంచిని మోటారు సైకిలు మీద తెచ్చి దింపి, వారానికి వచ్చి కుట్టినవి లెక్కపెట్టి తీసుకుపోయే వ్యక్తి తానూ కూలివాడినేనంటాడు. ఆయనకు పని ఇచ్చే కాంట్రాక్టరు మరో కాంట్రాక్టరును చూపుతాడు. కాలరుకు వెనుక కుట్టే పట్టీ మీద ఏ కంపెనీ పేరు పడుతుందో ఆ చొక్కా కుట్టినావిడకు తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే పట్టీ కుట్టేది మరో చోట.