తోట పండు ముందు ఇంటికి



అనంతపురం, కడప వైపు చీనీ అన్నా, నల్గొండ వైపు బత్తాయి అన్నా పండు ఒకటే. రెండుచోట్లా ఎక్కువగా వేసేది సాత్‌గుడి రకమే. ఇక గూడూరు వైపు వెళితే నిమ్మతోటలు. ఇన్ని తోటలున్న ఊళ్లలో ఒక్క సంగతి గమనించండి. తోట చెట్టుమీద ఉండగానే గుత్తకు పోతుంది. కాయ లారీ ఎక్కుతుంది. ఆ రైతు ఇంట్లో మాత్రం ఎవరికైనా జ్వరం వస్తేగాని పండు కొయ్యరు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇట్లాగే పుట్టి ఉంటుంది.

దీనివల్ల నష్టమేమిటని అడుగుతారా? 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను 15 నుంచి 49 ఏండ్ల ఆడవారిలో నూటికి 55 మందికి పైగా రక్తం తక్కువగా ఉన్నట్లు తేలింది. మనం తినే ఆకుకూరల్లో, రాగుల్లో, పప్పుల్లో ఇనుము లేకపోలేదు. ఉన్నా, అందులో కొద్దిపాలు మాత్రమే ఒంటికి పడుతుంది. అదే భోజనంలో సి విటమిన్ కూడా ఉంటే ఆ ఇనుము మరింత బాగా ఒంటబడుతుంది. నిమ్మజాతి పండ్ల గొప్ప అదే.

కనుక పండును భోజనంతోపాటుగాని, భోజనం కాగానేగాని తినండి. తోటకూర పప్పులో కాస్త నిమ్మరసం పిండుకున్నా, సంగటి తిన్న వెంటనే నాలుగు బత్తాయి తొనలు తిన్నా ఆ పని జరుగుతుంది. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీలు తాగితే ఫలితం తారుమారు అవుతుంది. అవి ఇనుమును ఒంటబట్టనివ్వవు. ఒక గంట ఆగి తాగండి. అయితే డాక్టరు ఇచ్చిన ఇనుము మాత్రలు మాని పండు ఒక్కటే తింటే చాలుననుకోరాదు. రెండూ ఉండాలి.

సి విటమిన్‌ను మన శరీరం తయారు చేసుకోలేదు, ఎక్కువకాలం దాచుకోనూ లేదు. అది లేకపోతే ఏమవుతుందో పూర్వం ఓడవాళ్లు అనుభవించారు. నెలల తరబడి సముద్రం మీద ఉండేసరికి చిగుళ్లు వాచి నెత్తురు కారేది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు అట్టి రోగులను 12 మందిని ఎంచి, ఇద్దరిద్దరికి ఒక్కొక్క రకం మందు ఇచ్చి చూశాడు. రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు తిన్న ఇద్దరూ అందరికంటె ముందు కోలుకున్నారు. నూరు గ్రాముల బత్తాయి తొనలలో సుమారు 50 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. మగవారికి రోజుకు 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములు కావాలని 2020లో మన పోషకాహార శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. అంటే మాదిరి పండ్లు రెండు తింటే ఆ అవసరం చాలావరకు తీరినట్లే. పండుగనాడు పది తినేకంటె రోజూ ఒకటి తినడం మేలు.

తొక్క పచ్చగానే ఉంది, పండిందో లేదో తెలిసేదెట్లా అంటారేమో. మన మైదానాల్లో రాత్రులు అంతగా చల్లబడవు. అందువల్ల లోపల రసం తియ్యబడినా తొక్క పచ్చదనం పూర్తిగా పోదు. చేతితో ఎత్తి చూడండి. సైజుకు తగిన బరువు ఉండి, తొక్క నునుపుగా ఉంటే రసం నిండినట్లే. ఒక మాట మరువకండి: మామిడిలాగ దీన్ని మాగవేస్తే తీపెక్కదు. చెట్టుమీద ఎంత తీపి వచ్చిందో అంతే. తొందరపడి కోస్తే పులుపే మిగులుతుంది.

మంగు పట్టిన కాయను వ్యాపారి పక్కకు నెడతాడు. నల్లి గీకినందువల్ల తొక్క మీద వచ్చిన గోధుమరంగు అది. లోపలి తొనలకు దోషం లేదు. ధర పలకని ఆ కాయను పారబోయక ఇంటికి తెచ్చుకోండి. కుళ్లినవి, బూజు పట్టినవి మాత్రం తినరాదు. తోటకు మందు కొట్టి ఉంటే, డబ్బా మీద రాసిన గడువు దాటిన తరువాతనే కొయ్యాలి.

కోసే ముందు పండును పారే నీళ్లలో రుద్ది కడగండి. తొక్కే కదా పారేసేది, కడగడమెందుకు అనుకోకండి. తొక్క మీది మురికి కత్తి వెంట తొనలోకి దిగుతుంది. బత్తాయి తొక్క గట్టిగా పట్టుకొని ఉంటుంది గనుక పైన, కింద బిళ్లలు కోసి, నిలువుగా చెక్కు తీయండి. తెల్లని పొరను కొంత ఉండనివ్వండి, అందులో పీచు ఉంది. పంపరపనసకు మాత్రం ఇది చెల్లదు. దాని పొర చేదు. తొనను విప్పి, పొర ఒలిచి లోపలి గుజ్జు మాత్రమే తినాలి.

రసం కంటె తొన మేలు. రసం వడగడితే పీచు పోతుంది. అతిథులు వచ్చి రసమే కావలసివస్తే, గింజలు తీసి పిండి వెంటనే ఇవ్వండి. మిక్సీలో గింజలతో సహా వేస్తే చేదు వస్తుంది. గింజ తీసినా, పిండిన రసం నిలవ ఉంటే కొన్ని గంటలకు చేదెక్కుతుంది. పుల్లని రసాన్ని రాగి, ఇత్తడి, అల్యూమినియం పాత్రలలో ఉంచరాదు. గాజు, పింగాణీ, స్టీలు మంచివి.

నిమ్మరసం విషయంలో మన ఆడవాళ్ల పద్ధతే సరైనది. పులిహోరకైనా, పప్పుకైనా గిన్నె దించి, కాస్త ఆరిన తరువాతనే పిండుతారు. పొయ్యి మీద మరిగిస్తే రుచీ చెడుతుంది, సి విటమిన్ కూడా చాలావరకు నశిస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. ఆరునెలల లోపు పసిబిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ పట్టరాదు. ఆ తరువాత గింజ, పొర తీసి నలిపిన గుజ్జు పెట్టవచ్చు. చక్కెర జబ్బు ఉన్నవారు రసం మాని తొనలు తినాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగాలి. రక్తపోటుకు, కొలెస్టరాల్‌కు వాడే కొన్ని మందులకు పంపరపనస పడదు, అదీ అడిగి తెలుసుకోండి. పులుపు తిన్నాక నోరు పుక్కిలించండి.

విస్తరణ కార్యకర్తలకు, అంగన్‌వాడీ సోదరీమణులకు ఒక మనవి. ఉపన్యాసం కంటె ఒక కత్తి, నాలుగు మంగు కాయలు ఎక్కువ పని చేస్తాయి. తల్లుల ఎదుటనే కోసి, పిల్లలకు తినిపించి చూపండి.

తోట గుత్తకిచ్చే రైతు ఒక్క పని చెయ్యవచ్చు. బేరం కుదిరేనాడే రెండు చెట్లు ఇంటికి విడిచిపెట్టమని చెప్పుకోండి. ఆ రెండు చెట్ల కాయకు మార్కెట్లో వచ్చే డబ్బు కొద్దిదే. ఇంట్లో ఇల్లాలికి, పిల్లలకు అది రోజూ పళ్లెంలో పడితే కలిగే మేలు ఎక్కువ.