మెత్త పెడితే నాదం మారుతుందా?

కొన్ని ఎలక్ట్రిక్ గిటార్లలో తీగలు ఆనే లోహపు బ్రిడ్జి కదులుతుంది. దాని కడ్డీని నొక్కితే తీగల బిగువు తగ్గి స్వరం కిందికి జారుతుంది. చెక్కకు గీతలు పడకుండా కొందరు బ్రిడ్జి కింద ఫెల్టు ముక్క పెడతారు. దాంతో నాదం మారుతుందా?

ముక్క బరువు మోయకుండా వదులుగా ఉంటే తేడా పెద్దగా వినిపించదు. బ్రిడ్జి దానిమీదే గట్టిగా ఆనితే మాత్రం కంపనంలో కొంత శక్తి ఆ మెత్తలో వేడిగా మారిపోతుంది. నాదం త్వరగా ఆగుతుంది, అందులోని పదును తగ్గుతుంది.

ఇదే సూత్రం వీణలోనూ కనిపిస్తుంది. బొబ్బిలి వీణను చెక్కేది పనస కలపతోనే. వీణ బ్రిడ్జి మీది కంచు రేకును కదలకుండా గట్టిగా అతికిస్తారు. నాదం ఎక్కువసేపు నిలవడానికి అదీ ఒక కారణం.

మరి తంబురలో తీగ కింద నూలు దారం ఎందుకు? దాని పేరు జీవ. తంబుర బ్రిడ్జి పైభాగం కాస్త వంపుగా ఉంటుంది. దారం తీగను వెంట్రుకవాసి లేపుతుంది. అప్పుడు కంపించే తీగ ఆ వంపును పదేపదే తాకి, సన్నని పై స్వరాలను పుట్టిస్తుంది. దారం తీసేస్తే ఆ ఝంకారం చాలావరకు పోతుంది.

మీరూ చూడండి: స్టీలు స్కేలును బల్ల అంచున నొక్కిపట్టి మీటండి. తర్వాత స్కేలుకూ బల్లకూ మధ్య మడతపెట్టిన గుడ్డ ఉంచి మీటండి. తేడా మీ చెవులే చెబుతాయి.