ఇన్‌ఫ్లుయెంజా ఏ మార్గమున అంటును? పరిశోధనకు వ్యయమగు ధనము

వానకాలములో ఒక యింట ఒకరికి జ్వరము, దగ్గు, ఒళ్ళునొప్పులు మొదలై, వారము తిరుగకముందే ఇంటిల్లిపాదికి సోకుట గ్రామవాసులందరకు అనుభవములో నున్న సంగతియే. మన దేశమున ఇన్‌ఫ్లుయెంజా ఏటా రెండు పర్యాయములు, జనవరి మొదలు మార్చి వరకును, వర్షములు వెనుకపట్టు దినములలోను, హెచ్చుగ కన్పించును. అది అంటువ్యాధియని చెప్పుటకు పండితులు అక్కరలేదు. కాని ఏ మార్గమున అంటునను ప్రశ్నకు, వైరస్‌ను కనుగొని తొంబది సంవత్సరములు దాటినను, శాస్త్రజ్ఞులు నేటికిని పూర్తి సమాధానము చెప్పజాలకున్నారు.

రోగి దగ్గినపుడు, తుమ్మినపుడు వెలువడు పెద్ద తుంపరలు ఎదుటివారి ముఖముపై పడవచ్చును. రోగి చీదిన చేతితో పట్టుకొన్న తలుపు గడియనో, చెంబునో మరియొకరు తాకి, ఆ చేతినే ముక్కునకు తగిలించుకొనవచ్చును. లేదా ఊపిరితోపాటు వెలువడి, గదిలోని గాలియందు చాలసేపు తేలియాడు సూక్ష్మకణములను పీల్చవచ్చును. మూడును సంభవములే. ఏది ఎంత అనునదే తేలవలసియున్నది. పంచాయతీ సభ్యులకిది వట్టి పండితచర్చ కాదు. తుంపరలే ముఖ్యమైనచో మనుష్యుల నడుమ ఎడము చాలును; చేతులైనచో సబ్బు, నీరు కావలెను; గాలియైనచో బడి గదికి మరి రెండు కిటికీలు పెట్టించవలెను. ఉన్న కొద్ది నిధిని దేనికి వెచ్చించుట అను నిర్ణయము ఈ లెక్కపై నిలిచియున్నది.

1918 నాటి మహమ్మారిలో భారతదేశముననే కోటిమందికి పైగా మరణించిరి. ఆ సంవత్సరము నవంబరులో అమెరికాలోని బోస్టన్ రేవు చెంత గాలప్స్ ద్వీపమున, నౌకాదళమువారును ప్రజారోగ్య శాఖవారును కలిసి ఒక పరీక్ష ప్రారంభించిరి. నౌకాదళపు చెరసాలనుండి 62 మంది యువకులు, శిక్ష రద్దగునను హామీపై ముందుకు వచ్చిరి. (ఖైదీలనిట్లు వాడుకొనుటను నేటి నియమము లంగీకరింపవు.) రోగుల శ్లేష్మమును వారి ముక్కులలో పోసిరి. రోగుల మంచముల చెంత కూర్చుండబెట్టి, ముఖముమీదనే దగ్గించిరి. ఒక్కరికిని జ్వరము రాలేదు. వారిలో పలువురికి మునుపే వ్యాధి సోకి నిరోధకశక్తి కలిగియుండవచ్చునని తరువాత ఊహించిరి. ఆడిటరు వచ్చి ఈ ఖర్చునకు ఫలితమేమని యడిగినచో ‘సున్న’ యనియే వ్రాయవలసియుండెడిది. అయినను, అందరు ఎరిగినదనుకొన్న సంగతి ఎవ్వరికిని తెలియదని బయటపెట్టినది ఆ సున్నయే.

తరువాతి కథ ఇంగ్లండులో జరిగినది. అచటి 1911 జాతీయ బీమా చట్టము క్రింద, బీమాగల పనివారి తలకు ఏటికొక పెన్నీ చొప్పున వైద్య పరిశోధనకై ప్రత్యేకించిరి. పెన్నీ యనగా నాటి మారకపు లెక్కన మన ఒక అణా. అణాలే కూడి ఏటా సుమారు 57,000 పౌండ్లయినవి. క్షయరోగమును దృష్టియందుంచుకొని కేటాయించిన ఆ ధనముతో 1913లో వైద్య పరిశోధన సంఘ మేర్పడెను. 1920 నుండి పార్లమెంటే గ్రాంటు ఇచ్చుచు వచ్చినది.

ఆ సంఘపు ప్రయోగశాలకే మరియొక దిక్కునుండి ధనము వచ్చుట విచిత్రము. వేటకుక్కలు డిస్టెంపర్ అను రోగముతో చచ్చుచుండగా, ‘ది ఫీల్డ్’ అను పత్రిక పాఠకులనుండి చందాలు ప్రోగుచేసి పరిశోధనకు ఇచ్చెను. ఆ పనిలో ముంగిసను పోలిన ఫెర్రెట్ అను చిన్న జంతువు ఎంతయో ఉపయోగపడినది. 1933లో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అను ముగ్గురు, ఇన్‌ఫ్లుయెంజా రోగుల గొంతు కడిగిన నీటిని ఫెర్రెట్ల ముక్కులలో వేయగా వాటికి జ్వరము వచ్చెను. వైరస్ దొరికినది. 1936లో ఒక ఫెర్రెట్ తుమ్మగా స్టువర్ట్-హారిస్ అను వైద్యుడు జ్వరపడెను. కుక్కలకై ఇచ్చిన చందా మనుష్యులకు అక్కరకు వచ్చునని చందాదారులలో ఎవరు తలచియుందురు?

వైరస్ దొరికినను మార్గము దొరకలేదు. 1957 మే నెలలో ఓడ ప్రయాణికులతో మద్రాసు రేవున దిగిన క్రొత్త ఇన్‌ఫ్లుయెంజా, ఏడాది తిరుగులోపల దేశములో 44 లక్షలమందికి పైగా సోకినట్లు నమోదైనది.

2013లో ఇంగ్లండున, అమెరికా వ్యాధి నివారణ కేంద్రముల ధనసహాయముతో, పాత బోస్టన్ ప్రశ్నను మరల అడిగిరి. ఈసారి సమ్మతించిన ఆరోగ్యవంతులు 127 మంది. వారిలో 52 మంది ముక్కులలో వైరస్ వేసి, తక్కిన 75 మందిని వారితో ఒకే గదులలో కొన్ని దినములుంచిరి. ఆ 75 మందిలో కొందరికి ముఖమునకు పారదర్శకపు అడ్డు తొడిగి, మాటిమాటికి చేతులు శుభ్రపరచిరి. తుంపరలు, చేతులు రెండును అడ్డగింపబడి, అడ్డు క్రిందుగ దూరు గాలియొక్కటే మిగులునని వారి యుక్తి. నూటికి పదునారుగురికి అంటునని అంచనా వేయగా, మొత్తముమీద ఒక్కరికే అంటినది! గదులలో గాలి బాగుగ మారుచుండుటయు, వైరస్ వేయబడినవారు అంతగా దగ్గకుండుటయు కారణములని శాస్త్రజ్ఞులు భావించిరి. 2018లో ప్రకటితమైన అమెరికా మేరీలాండు విశ్వవిద్యాలయపు పరిశోధనయందు 142 మంది రోగుల ఊపిరిని పట్టిచూడగా, సూక్ష్మకణముల నమూనాలలో నూటికి 39 పాళ్ళయందు సజీవ వైరస్ కన్పించినది. దగ్గకున్నను అది వెలువడుచుండెను. ఈ రెండింటిని కలిపి చూచినచో కిటికీల పక్షము కొంత బలపడుచున్నదని నా అభిప్రాయము. సబ్బును మానుమని మాత్రము ఎవ్వరును చెప్పలేదు.

ఇట్టి పని గ్రామములలోను జరిగినది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతపు మూడు గ్రామములలో, పిల్లలకు ఇన్‌ఫ్లుయెంజా టీకా వేసినచో ఇంటి పెద్దలకును రక్షణ కలుగునా యని 2009 మొదలు పరీక్షించిరి. పోల్చుటకై కొన్ని ఇండ్ల పిల్లలకు పోలియో టీకా వేసి, జ్వరము వచ్చినవారెవరని ప్రతివారము ఇల్లిల్లు తిరిగి విచారించిరి. టీకా వేయించుకొన్న పిల్లలలో అది మొదటి యేట సుమారు నాలుగింట ఒక వంతు వ్యాధిని మాత్రమే ఆపినది. మూడవ యేట నాలుగింట మూడు వంతులు ఆపినది. ఒక్క యేటికే నిధి మంజూరుచేసి ముగించియుండినచో, టీకా పెద్దగా పనికిరాదని లెక్క వ్రాసికొని మరలియుందురు.